పావు అంగుళం గీత

కిందటి వారం మనం అత్తగారిని టికెట్ల కిటికీ ముందు నిలబెట్టి వచ్చేశాం. వారం రోజులుగా ఆవిడ అక్కడే నిలబడి కాళ్ళు పీకుతున్నాయని మూలుగుతోందేమో అని కంగారు పడకండి. కథలో గడిచింది పది నిమిషాలే. ఆ పది నిమిషాల్లోనూ ఆవిడ మూలగలేదు. వరసలో తన ముందూ వెనకా ఉన్నవాళ్ళ ఫారాలు తీసుకుని, తప్పులు దిద్ది, నాలుగు మూలలూ కలిసేలా మడతపెట్టి తిరిగి ఇచ్చింది. ముప్ఫై నాలుగేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పిన మనిషి చేతులు ఊరుకోవు.

ఊరి నడివీధికి పడమట ఉన్నదంతా వేరే దేశమై మూడు నెలలైంది. ఉద్యమం నడిపినవాడూ, వేరుపడ్డాక అధ్యక్షుడైనవాడూ అత్తగారి పెద్దకొడుకే. అత్తగారు ఉండేది పడమటి వైపు, చిన్నకొడుకూ కోడలూ ఉన్న ఇంట్లో. కూతురి కాపురం సరిగ్గా ఎదురింట్లో, తూర్పు వైపు. కూతురి కాలు బెణికిందని తెలిసి నాలుగు రోజులు సాయంగా ఉండి వద్దామని ఆవిడ చెప్పులైనా వేసుకోకుండా వీధి దాటింది. మర్నాడు పొద్దున్నే సరిహద్దు మూసేశారు. ఈ కిటికీ దగ్గర వరసకి మాత్రం సందు వదిలి వీధి మధ్య తాడు కట్టారు. పడమటి ఇళ్ళ వీధి తలుపులన్నిటికీ కాగితం సీళ్ళు అంటించి, ఇక మీదట అందరూ పెరటి దారినే తిరగాలన్నారు. పది రోజులు ఎవరూ పడుకోని గదిని ప్రభుత్వం తీసుకుంటుందని కూడా ఒక ఉత్తర్వు వచ్చింది. ఇవాళ పదో రోజు. అయిదు గంటలకి కిటికీ మూసేస్తే అత్తగారి గది సరిహద్దు సిబ్బంది విశ్రాంతి గది అయిపోతుంది. అత్తగారు తూర్పు దేశం మనిషి అయిపోతుంది.

ఇప్పుడు టైము నాలుగుంపావు.

సరిహద్దు ఆఫీసుకి చోటు వెతకడం కొత్త దేశానికి పెద్ద చిక్కే అయింది. వీధి మీదికి కిటికీ ఉండాలి, కిటికీకి చువ్వలుండాలి, జనం వరసలో నిలబడటానికి ఇనప గొట్టాల దారి ఉండాలి. ఇవన్నీ ఉన్న భవనం ఒకటే దొరికింది. పడమటి వైపున, రెండేళ్ళ కిందట మూతపడ్డ సినిమా హాలు. దాన్ని తీసుకున్నారు, దాంతోపాటు బుకింగ్ గుమాస్తానీ తీసుకున్నారు. ఆ కిటికీ తలుపు ఎటు నొక్కి ఎటు లాగితే తెరుచుకుంటుందో ఆయనొక్కడికే తెలుసు. ఆయనకి టోపీ ఇచ్చారు, ముద్ర ఇచ్చారు, ముఖ్య వలస అధికారి అని హోదా ఇచ్చారు. వీధిలో అందరూ ఇప్పటికీ బుకింగ్ ఆయన అనే అంటారు. ఇరవై ఆరేళ్ళ అలవాటు కొద్దీ ఆయన కూడా ఒక్కోసారి ఫారం అందుకుంటూ "ఎన్ని?" అని అడుగుతాడు.

టికెట్ల గది ఎనిమిది అడుగుల పొడవుంటుంది. దాని వెనక తలుపు హాలు లాబీలోకి తెరుచుకుంటుంది. ఆ తలుపు పక్కన లాబీలో వేసిన కుర్చీలో కోడలు కూర్చుని ఉంది. ఆ కుర్చీ మీద 'హామీదారు' అని కాగితం అంటించారు. కుట్టు మిషను మీద పని సగంలో వదిలి పరుగెత్తుకొచ్చింది కనక మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది. జాకెట్టు గుడ్డ మీద గుర్తులు పెట్టే సుద్దముక్క కొంగు చివర ముడి వేసి ఉంది.

కిటికీ కన్నం చెయ్యి పట్టేంతే. అత్తగారు వంగితే కళ్ళు కనిపించేవి, మాట్లాడాలంటే ఇంకొంచెం నిక్కాలి, అప్పుడు నోరు మాత్రం కనిపించేది. రెండూ ఒకసారి కనిపించే ఎత్తు ఆ కన్నానికి లేదు.

"పేరు," అన్నాడు బుకింగ్ ఆయన.

"నీకు తెలియదూ? నిన్ను మూడో తరగతిలో రెండేళ్ళు కూర్చోబెట్టింది ఎవర్రా?"

"నాకు తెలుసండీ టీచరుగారూ. ఫారానికి తెలియదు." ఆయన పేరు రాసుకున్నాడు. చేతిరాత గుండ్రంగా లేదని తనకే అనిపించి ఒకసారి దిద్దాడు. "వచ్చిన కారణం?"

"ఇంటికి వెళ్ళాలి."

"అది లేదండీ. ఇక్కడ నాలుగే ఉన్నాయి. విహారం, వ్యాపారం, వైద్యం, విద్య."

"ఇంటికి వెళ్ళడం ఎందుకు లేదు?"

"ఇంటికి వెళ్ళేవాళ్ళు వలసదారులు ఎట్లా అవుతారని పెట్టలేదండీ."

"అయితే నేను వలసదారుని కాను. తలుపు తియ్యి."

"తలుపు తియ్యాలంటే మీరు వలసదారులై ఉండాలి కదండీ. కానివాళ్ళకి ఇక్కడ పనేముంది?"

కళ్ళు కనిపించాయి. అవి మూడో తరగతి వైపు చూసినట్టే చూశాయి. బుకింగ్ ఆయన టోపీ సర్దుకుని గబగబా 'విహారం' మీద టిక్కు పెట్టాడు.

"ఎన్ని రోజులు ఉంటారు?"

"చచ్చేదాకా."

"అట్లా అనకండి. అది శాశ్వత నివాసం కిందికి వస్తుంది. దాని కోటా నెలకి ఆరుగురు. ఒకటో తేదీనే నిండిపోయింది." ఆయన పక్కకి వేలు చూపించాడు. కిటికీ పక్కన పాత 'హౌస్‌ఫుల్' బోర్డు వేలాడుతోంది. కొత్తది రాయించడం దండగని దాన్నే తుడిచి పెట్టారు.

"ఆరుగురు ఎవరు?"

"అధ్యక్షులవారి ఫొటోగ్రాఫరు, ఆయన తోడల్లుడు, ఇంకా నలుగురు."

కోడలు చేతి గడియారం చూసుకుంది. నాలుగూ ఇరవై అయిదు.

అత్తాకోడళ్ళు ఒకరినొకరు చూడకుండా ఉండలేక బెంగపడే రకం కాదు. పదేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నా ఇద్దరూ ఒకరి పనిని ఒకరు మెచ్చుకున్న సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. కానీ అత్తగారు రోజూ పొద్దున ఆరింటికి వీధి తలుపు గడియ తీసేది. ఆ గడియ బిగుతు. తీసినప్పుడల్లా ఇల్లంతా ఉలిక్కిపడేది. ఆ చప్పుడు మీద కోడలు ఎన్నిసార్లు విసుక్కుందో. ఈ పది రోజులూ ఆరింటికి ముందే మెలకువ వచ్చి, రాని చప్పుడు కోసం చెవులు రిక్కించి పడుకుంటోంది. సాయంత్రాలు మేడ మీద కిటికీలో నిలబడితే ఎదురింటి అరుగు మీద అత్తగారు కనిపించేది. అక్కణ్ణుంచే చేతులు తిప్పి, గ్యాసు కట్టావా, పెరటి తలుపు వేశావా అని అడిగేది. వేశాను, కట్టాను అని కోడలు తల ఊపేది. రెండు దేశాల మధ్య అప్పటికి నడుస్తున్న దౌత్యం అదొక్కటే.

"చివరి ప్రశ్నండీ," అన్నాడు బుకింగ్ ఆయన. "ఇక్కడివాళ్ళకి రాని పని మీకు ఏమైనా వచ్చా? అట్లాంటి పని వస్తే కోటా అడ్డురాదు. నిపుణుల కింద పంపించవచ్చు."

ఈసారి కన్నంలో నోరు కనిపించింది.

"మీ అధ్యక్షుణ్ణి కన్నాను. ఆ పని మీ దేశంలో ఇంకెవరికైనా వచ్చేమో కనుక్కుని చెప్పు."

బుకింగ్ ఆయన ఫారం మీద కొంచెం రాశాడు, ఆగాడు, కొట్టేశాడు. "ఇది సిఫారసు కిందికి వస్తుందండీ. సిఫారసు నేరం."

సరిగ్గా అప్పుడే లాబీలో బూట్ల చప్పుడైంది. కోడలి బావగారు, అంటే అధ్యక్షులవారు, వచ్చారు.

ఆయన వస్తుంటే ముందు గొంతు వస్తుంది, తర్వాత శాలువా, ఆ తర్వాత ఆయన. ఉద్యమం రోజుల్లో మైకు లేకుండా వీధి ఈ చివర నుంచి ఆ చివరకి వినిపించిన గొంతు అది. చిన్న గదిలో కూడా దాన్ని తగ్గించడం ఆయనకి అలవాటు కాలేదు.

"ఏమ్మా, ఇక్కడున్నావా?" అన్నారు కోడల్ని చూసి. "నీకు చెప్పానుగా, కంగారు పడద్దని. వచ్చే ఏడు కోటా పెంచుతాం."

"ఇవాళ అయిదింటికి గది సీలు చేస్తారు, బావగారూ. ఉత్తర్వు మీద మీ సంతకమే ఉంది."

"నా సంతకమా?" ఆయన ఒక క్షణం తడబడి సర్దుకున్నారు. "రోజుకి వంద పెడతాను. చదువుతూ కూర్చుంటే దేశం నడవదు."

కిటికీ అవతల గాజుల చప్పుడు. "ఎవర్రా, పెద్దాడా?"

బావగారు కన్నం దగ్గరికి వంగారు. అధ్యక్షుడు అంతగా వంగడం ఆ దేశంలో అదే మొదటిసారి. "అమ్మా, బాగున్నావా? చెల్లాయి కాలు ఎలా ఉంది?"

"దాని కాలు బాగుంది. నా కాళ్ళే నిలబడలేకుండా ఉన్నాయి. ఈ తలుపు తియ్యమను."

"చట్టం అందరికీ ఒకటే అమ్మా. నా తల్లి అని వదిలేశాననుకో, రేపు అందరూ తల్లుల్ని తీసుకొస్తారు."

"తెచ్చుకుంటే తప్పేమిట్రా? ఎవరి తల్లిని వాళ్ళేగా తెచ్చుకునేది?"

"అలా కాదమ్మా. అవతలివాళ్ళు వచ్చి మనవాళ్ళ పనులు లాక్కుంటున్నారు. పదిహేనేళ్ళు గొంతు చించుకుని చెప్పాను కదా."

"చెప్పావు. ఆ గొంతుకి ఉప్పునీళ్ళు కలిపిచ్చింది నేనే. పొద్దున్నే వీధి తలుపు గడియ తియ్యడం నా పని. ఎవరి దగ్గర లాక్కున్నాను? ఆ గడియ ఇంకెవరికైనా వస్తుందేమో మీ తమ్ముణ్ణి అడుగు."

తమ్ముడు, అంటే కోడలి భర్త, ఈ మాటలన్నీ లాబీలో నిలబడి వింటున్నాడు. కొలతల ఆఫీసులో పటాలు గీసే ఉద్యోగం ఆయనది. ఊళ్ళో ఏ గోడ ఎక్కడుందో ఆయన వేళ్ళకి తెలుసు. ఇంట్లో మాత్రం ఎవరికీ ఎదురు చెప్పడు. ఇందాకటి నుంచి ఆయన గోడకున్న అద్దాల చట్రం ముందు నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు. రాబోయే సినిమా పోస్టరు పెట్టే చట్రం అది. ఇప్పుడు అందులో దేశం పటం ఉంది. రెండు వైపుల పెద్దలూ సంతకాలు చేసిన అసలు పటం. పైన మాత్రం 'త్వరలో' అన్న పాత అక్షరాలు అలాగే ఉన్నాయి.

కోడలు ఆ పటాన్ని గంట నుంచీ చూస్తోంది. కుర్చీలో కూర్చుంటే ఎదురుగా అదే కనిపిస్తుంది. మొదట ఏమీ అనిపించలేదు. అరగంట చూశాక మాత్రం, బట్ట మీద గీత లావైతే జాకెట్టు ఒక సైజు తేడా వస్తుందన్న సంగతి గుర్తొచ్చింది. సూదిమొన లాంటి గీత గీయలేనివాళ్ళు కత్తెర పట్టుకోకూడదని మిషను నేర్పినావిడ వేళ్ళ మీద కొట్టి చెప్పింది.

లేచి చట్రం దగ్గరికి వెళ్ళింది. మెడలోని టేపు తీసి గీతకి అడ్డంగా అద్దం మీద ఆనించింది.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు భర్త గుసగుసగా.

"పావు అంగుళం ఉంది."

భర్త అద్దం మీది టేపుని చేత్తో కప్పబోయాడు.

"ఇది మీరు గీసిందేనా? మీరు వెంట్రుక మందాన గీస్తారని ఆఫీసంతా చెప్పుకుంటుంది కదా."

"వెంట్రుక మందానే గీశాను." ఆయన అన్నగారి వీపు వైపు చూసి ఇంకా గొంతు తగ్గించాడు. "సభకి తీసుకెళ్ళాను. వెనక వరసలవాళ్ళకి కనపడటం లేదన్నాడు అన్నయ్య. ఇంత పోరాటం చేసి దారప్పోగంత గీతా, లావుగా గీయి అన్నాడు. అక్కడ అట్టల మీద నినాదాలు రాసే కలం తప్ప ఇంకోటి లేదు. దాంతో పైన ఇంకోసారి గీశాను. తర్వాత సరైన పటం తెచ్చేలోపే తూర్పువాళ్ళూ మనవాళ్ళూ దీని మీదే సంతకాలు చేసేశారు. చప్పట్లు కొట్టేశారు. చప్పట్లయ్యాక ఏం చెప్పను?"

"స్కేలు ఎంత?"

"అంగుళానికి రెండు వందల అడుగులు."

కోడలు ఒక్క క్షణం పెదాలు కదిపింది. అంతలో గోడ అవతల నుంచి, కన్నంలోంచి, గట్టిగా జవాబు వచ్చింది.

"యాభై అడుగులు!"

అత్తగారి చెవులకి గుసగుసలే బాగా వినిపిస్తాయి. బళ్ళో వెనక బెంచీల పక్కన గడిపిన చెవులవి.

"వీధి ఇరవై నాలుగు అడుగులు, అత్తయ్యా," అంది కోడలు టికెట్ల గదిలోకి నడుస్తూ. "పటం మీద వేసి ఉంది. గీత వీధి నడిమధ్య నుంచి గీశారు."

"యాభైలో ఇరవై నాలుగు పోతే ఇరవై ఆరు. అటు సగం, ఇటు సగం. ఒరేయ్, సగం చెప్పు!"

"పదమూడండీ," అన్నాడు బుకింగ్ ఆయన ఉలిక్కిపడి లేచి నిలబడి.

"ఏమిటీ గొడవ?" అన్నారు బావగారు. "ఏ పదమూడు?"

కోడలు ఆయనకి నెమ్మదిగా, బట్ట ఇచ్చినావిడకి కొలతలు చెప్పినట్టు చెప్పింది. "గీత వెడల్పు యాభై అడుగులు, బావగారూ. వీధి మొత్తం గీతలోనే ఉంది. వీధి దాటి ఇటు వైపు పదమూడు అడుగులు, అటు వైపు పదమూడు అడుగులు కూడా గీతలోనే ఉన్నాయి. ఒప్పందంలో గీతకి పడమట ఉన్నది మన దేశం, తూర్పున ఉన్నది వాళ్ళ దేశం అని ఉంది కదా. మరి గీతలో ఉన్నది ఎవరిదని రాశారు?"

బావగారు నవ్వారు. సభల్లో చిక్కు ప్రశ్న వచ్చినప్పుడు నవ్వే నవ్వు అది. "గీతలో ఎవరైనా ఉంటారా, అమ్మా? గీత అంటే గీత."

"ఒప్పందం నా దగ్గరుందండీ," అన్నాడు బుకింగ్ ఆయన. సొరుగు లాగి ఫైలు తీసి, పేజీకోసారి వేలు తడిచేసుకుంటూ తిప్పాడు. చదివాడు. ఇంకోసారి చదివాడు. "గీత ఎవరిదీ అని లేదండీ. గీతని ఇరుపక్షాలూ గౌరవించవలెను అని మాత్రం ఉంది."

"గౌరవించండి మరి," అంది కన్నంలోంచి అత్తగారు.

కోడలు అప్పటికే వంగింది. వీధి వైపు గోడకి టేపు కొస ఆనించి పట్టుకొమ్మని బుకింగ్ ఆయనకి ఇచ్చింది. అయిదడుగుల టేపు. కొంగు ముడి విప్పి సుద్దముక్క తీసింది. అయిదు. గుర్తు. పది. గుర్తు. పదోది టికెట్ల గది తలుపు దాటి లాబీలో పడింది. ఇంకో మూడు. లాబీలో గచ్చు పలకల మూడో వరస.

"ఇక్కడ," అని సుద్దముక్క భర్త చేతిలో పెట్టింది. "గీయండి. ఎవరికీ కనపడక్కర్లేదు."

ఆయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మూడు నెలల నుంచీ ఆయన భుజాలు ఒంగే ఉన్నాయి. సుద్ద మొనని గోటితో చెక్కి, ఊపిరి బిగబట్టి, లాబీ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒక్క గీత గీశాడు. చూడాలంటే వంగి చూడాలి. అంత సన్నం. గీసి లేచేసరికి ఆయన భుజాలు నిటారుగా నిలబడ్డాయి.

బల్ల దగ్గర నిలబడి నేల మీది సుద్ద గుర్తుల్ని చూస్తున్న బుకింగ్ ఆయన మొహంలోకి ఏదో మెల్లగా ఎక్కుతోంది. మూడో తరగతిలో కూడా ఆయనకి అలాగే ఎక్కేది, ఆలస్యంగా, కానీ గట్టిగా.

"టీచరుగారూ," అన్నాడు. "నా గది ఎనిమిది అడుగులే."

"అయితే?"

"అయితే నేను పడమటి దేశంలో లేనండీ. నా కుర్చీ లేదు. నా బల్ల లేదు. పది రోజుల నుంచీ నేను కొట్టిన ముద్రలు..." ఆయన చేతిలోని ముద్ర వైపు చూశాడు. తర్వాత టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. తీశాక మనిషి పదేళ్ళు చిన్నగా కనిపించాడు. "నేను ఎవరి అధికారినండీ?"

"ఒరేయ్, టోపీ పెట్టుకో!" అని అరిచారు బావగారు.

"పెట్టుకోమని చెప్పాలంటే మీరు కూడా మీ దేశంలో ఉండాలి కదండీ," అన్నాడు బుకింగ్ ఆయన ఎంతో మర్యాదగా. "మీరు మూడో అడుగు దగ్గరున్నారు."

బావగారు తన బూట్ల వైపు చూసుకున్నారు.

బుకింగ్ ఆయన ఆలస్యం చేయలేదు. సీలు చేయడానికని పొద్దున్నే తెప్పించి పెట్టిన అత్తగారి గది తాళంచెవిని సొరుగులోంచి తీసి కోడలికి ఇచ్చాడు. టికెట్ల గదికీ వీధికీ మధ్య ఇరవై ఆరేళ్ళుగా ఆయన తప్ప ఎవరూ వాడని చిన్న పక్కతలుపు ఉంది. దాని మీద అంటించిన కాగితం సీలుని ఒక మూల నుంచి చిరక్కుండా ఒలిచి, తలుపు తీశాడు.

అత్తగారు లోపలికి వచ్చింది. పది రోజుల తర్వాత కళ్ళూ నోరూ ఒకేసారి కనిపించాయి. కూతురి చెప్పులు వేసుకుంది, ఒక సైజు పెద్దవి. కోడలి దగ్గరికి వచ్చి మొహంలోకి చూడలేదు. మెడలోని టేపు మెలిక పడితే సరిచేసింది.

"నా గది?"

"అరుగు నాలుగు అడుగులు, గది పది. మీ మంచం గీతలోనే ఉంది అత్తయ్యా. చివరి అడుగు మాత్రం పడమటి దేశంలోకి వెళ్ళింది. అక్కడ బీరువా ఉంది."

"బీరువాకి కోటా అడగద్దు. ఇవతలికి జరుపుదాం." అని, కాస్త ఆగి, "లెక్క బాగా చేశావు," అంది. వేళ్ళ మీద లెక్కపెట్టే సందర్భాలకి ఒకటి కలిసింది. కోడలు కొంగు ముడి వేసుకోవడంలో మునిగిపోయినట్టు తలొంచుకుంది.

అప్పటికే కిటికీ అవతల వరసలో ఉన్నవాళ్ళు మాటని వీధి పొడుగునా అందించేశారు. పడమటి వైపున ఒక్కొక్క వీధి తలుపు సీలూ చిరుగుతున్న చప్పుడు. తూర్పు వైపున ఇళ్ళ అరుగుల మీద జనం తమ వరండాలు అడుగులతో కొలుచుకుంటున్నారు. ఎవరో తాడు విప్పి బట్టలు ఆరేసుకోవడానికి పట్టుకుపోయారు. బెణికిన కాలితో కూతురు కుంటుకుంటూ వీధి మధ్యకి వచ్చి, "అమ్మా, చేరావా?" అని కేక పెట్టింది.

"ఇది దేశద్రోహం!" అన్నారు బావగారు. కానీ గొంతు టికెట్ల గది దాటలేదు. "ఇప్పుడే వెళ్ళి మంత్రివర్గాన్ని పిలుస్తాను. ఇవాళే కొత్త గీత గీయిస్తాను. సన్నగా!" శాలువా సర్దుకుని లాబీ వైపు నాలుగు అంగలు వేశారు. మూడో వరస పలకల దగ్గరికి వచ్చేసరికి,

"ఆగు," అంది అత్తగారు.

ఆవిడ అప్పటికే హామీదారు కుర్చీని బల్ల దగ్గరికి లాక్కుని, బుకింగ్ ఆయన పక్కన కూర్చుంది. ఫారాల బొత్తి తన వైపు జరుపుకుంది. పై ఫారం తీసి నాలుగు మూలలూ చదును చేసింది.

"ఎక్కడికి?"

"ఇంటికమ్మా! హాలు వెనకే కదా నా ఇల్లు!"

"అది ఇందులో లేదు," అంది అత్తగారు కళ్ళజోడు పైకి తోసుకుంటూ. "విహారం, వ్యాపారం, వైద్యం, విద్య. ఈ ఫారం రాసింది నువ్వే కదా, నీకు తెలియాలి. నువ్విప్పుడు గీతలోంచి పడమటి దేశంలోకి పోతున్నావు. ఆ దేశంలో ఈ నెల కోటా నిండిపోయింది."

బావగారు తమ్ముడి వైపు చూశారు. తమ్ముడు సుద్దగీత దగ్గర నిలబడి, ఎవరూ తొక్కకుండా చూసుకుంటున్నాడు. మొదటిసారిగా ఆయన అన్నగారి కళ్ళలోకి చూశాడు. అక్కణ్ణుంచి పక్కకి జరగలేదు.

"అమ్మా, నేను అధ్యక్షుణ్ణి!"

"చట్టం అందరికీ ఒకటే. నా కొడుకని వదిలేశాననుకో, రేపు అందరూ కొడుకుల్ని తీసుకొస్తారు." ఆవిడ కలం మూత తీసింది. "అయినా ఒక దారి ఉంది. ఏమిట్రా ఆ చివరి ప్రశ్న?"

"ఇక్కడివాళ్ళకి రాని పని ఏమైనా వచ్చా అనండీ," అన్నాడు బుకింగ్ ఆయన.

"ఆ. నిపుణుల కింద పంపించవచ్చు. చెప్పు పెద్దాడా, నీకు ఏం పని వచ్చు?"

లాబీలో గోడగడియారం అయిదు కొట్టడం మొదలుపెట్టింది. మైకు లేకుండా వీధి ఈ చివర నుంచి ఆ చివరకి వినిపించిన గొంతు ఒకసారి సవరించుకుంది. బావగారు నోరు తెరిచారు. అత్తగారు కలం ఫారం మీద ఆనించి, రాయడానికి సిద్ధంగా, ఎదురు చూస్తోంది.

గడియారం నాలుగు దెబ్బలు కొట్టింది. అయిదోది కొట్టాక కిటికీ మూసేస్తారు.